కెర్నెల్ కోడ్‌లో దారి తప్పించే పారామీటర్ పేర్లు: మార్చి ప్యాచ్ పంపాలా, వదిలేయాలా?

స్వర్ణముఖి (తిరుపతి)

అందరికీ నమస్కారం. లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగంలో) లిస్టులు నడిపే ఫంక్షన్లు ఉండే లిస్ట్.హెచ్ ఫైలు గురించి మీ అభిప్రాయం కావాలి. మా కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ నేనే చూస్తాను. ఈ సెమిస్టర్ పిల్లల చేత ఒక చిన్న మాడ్యూల్ రాయిస్తున్నాం, అందులో ఒక క్యూలోని ఐటమ్‌ని ఇంకో క్యూలోకి జరపాలి, దానికి లిస్ట్_మూవ్ వాడాలి. ఆ ఫంక్షన్‌కి రెండు పారామీటర్లు: మొదటిది లిస్ట్, రెండోది హెడ్ (లిస్టుకి మొదలుగా ఉండే నోడ్). ఆ పేరు చూసినవాళ్లు ఎవరైనా మొదటి చోట మొత్తం లిస్టు ఇవ్వాలనే అనుకుంటారు. కానీ పైన కామెంట్ చదివితే అది "జరపాల్సిన ఎంట్రీ" అని ఉంటుంది. అదే ఫైల్లో ఇంకా కిందికి పోతే లిస్ట్_స్ప్లైస్ ఉంది, దానికీ ఇవే రెండు పేర్లు, అక్కడ మాత్రం లిస్ట్ అంటే నిజంగానే మొత్తం లిస్టు. లిస్ట్_ఈజ్_లాస్ట్‌లో మళ్లీ లిస్ట్ అంటే ఎంట్రీ.

అన్నీ స్ట్రక్ట్ లిస్ట్_హెడ్ పాయింటర్లే కాబట్టి ఏది ఇచ్చినా కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. పిల్లలు పాత క్యూ హెడ్‌నే మొదటి చోట ఇస్తున్నారు. అప్పుడు ఆ హెడ్ తన ఐటమ్స్ మధ్య నుంచి ఊడొచ్చి కొత్త క్యూలో ఒక ఎంట్రీలాగా కూర్చుంటుంది, ఐటమ్స్ అన్నీ హెడ్ లేకుండా ఒక వలయంగా మిగిలిపోతాయి. లిస్ట్ డీబగ్ ఆప్షన్ ఆన్ చేసి చూపించాను, అదీ పట్టుకోలేదు, ఎందుకంటే ముందు వెనక పాయింటర్లు అన్నీ ఒకదానికొకటి సరిగ్గానే సరిపోతాయి. తర్వాత కొత్త క్యూ మీద లూప్ తిప్పినప్పుడు కంటైనర్_ఆఫ్ (లోపలి పాయింటర్ నుంచి మొత్తం ఐటమ్ అడ్రస్ లెక్కగట్టే మ్యాక్రో) ఆ హెడ్‌ని కూడా ఐటమ్ అనుకుని పక్క మెమరీ చదువుతుంది, అక్కడ పడిపోతుంది, అసలు తప్పు జరిగింది ఇంకెక్కడో.

నా ప్రశ్న ఇదే. ఆ పేరుని ఎంట్రీ అని మార్చి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపితే మెయింటెయినర్లు (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు) తీసుకుంటారా? ఇలాంటివి పంపడం వాళ్ల టైమ్ వృథా చేయడమా?

పాకాల_జంక్షన్

మేడం, మీరు చెప్పింది అక్షరాలా నిజం. అయినా కాస్త ఆగి చూడండి. లిస్ట్.హెచ్ అనేది దాదాపు ప్రతి ఫైలూ కలుపుకునే హెడర్. అందులో ఒక అక్షరం మారితే అందరి బిల్డ్ మొదటి నుంచి తిరగాలి. అది పెద్ద నష్టం కాదనుకోండి, కెర్నెల్ చేసేవాళ్లకి అలవాటే. అసలు భయం పాత వెర్షన్ల గురించి. ఒక లాంగ్‌టర్మ్ కెర్నెల్‌కి (ఏళ్ల తరబడి ఫిక్స్‌లు అందే పాత వెర్షన్‌కి) నిజమైన బగ్ ఫిక్స్ తీసుకెళ్లేటప్పుడు మధ్యలో పేరు మార్చిన ప్యాచ్ ఉంటే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, ఎవరో ఒకరు కూర్చుని చేత్తో సరిచేయాలి. గిట్ బ్లేమ్‌లోనూ ఆ లైన్ ఎవరు ఎందుకు రాశారో తెలియాలంటే ఇంకో అడుగు వెనక్కి పోవాలి. అందుకే "పేరు నాకు నచ్చలేదు" అని వచ్చే ప్యాచ్‌లని చాలామంది మెయింటెయినర్లు తిప్పి పంపేస్తారు.

మీది ఆ కోవ కాదు. ఒకే ఫైల్లో ఒకే పేరుకి రెండు అర్థాలు ఉన్నాయి, దానివల్ల ఏ తప్పు జరుగుతుందో కూడా మీరు చూపించగలరు. నాకు తెలిసి తేడా అక్కడే ఉంటుంది. పేరు బాగాలేదని చెబితే ఎవరూ వినరు, పేరు అబద్ధం చెబుతోందని చూపిస్తే వింటారు.

నగరి_నేత

ఒక డౌట్ అన్నా, నేను సి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా. హెడర్‌లో ఒక పేరు, డాట్ సి ఫైల్లో ఇంకో పేరు ఉంటే కంపైలర్ ఎర్రర్ ఇవ్వదా?

పాకాల_జంక్షన్

ఇవ్వదు తమ్ముడూ. సి లాంగ్వేజ్‌కి ప్రోటోటైప్‌లో (హెడర్‌లో రాసే ఫంక్షన్ ప్రకటనలో) కావాల్సింది టైపులు, వాటి వరస మాత్రమే. పేరు అసలు రాయకపోయినా ఒప్పుకుంటుంది. కెర్నెల్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ మాత్రం ప్రోటోటైప్‌లో టైపుతో పాటు పేరు కూడా రాయమంటుంది, భాషకి అవసరం లేకపోయినా చదివేవాళ్లకి విలువైన సమాచారం అని. అంటే ఆ పేరు ఉన్నదే మనిషి కోసం. మనిషి కోసం పెట్టినదే మనిషిని తప్పుదారి పట్టిస్తే దాన్ని దిద్దాల్సిందే, నా వాదన అంతే. ఈ తేడాలు వెతకడానికి క్లాంగ్-టైడీలో (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) ఒక చెక్ ఉంది, హెడర్‌లో, డెఫినిషన్‌లో పేర్లు వేరుగా ఉంటే చూపిస్తుంది. కెర్నెల్‌లోనే మేక్ డబ్ల్యూ=1 అని నడిపితే కెర్నెల్-డాక్ కామెంట్లని (ఫంక్షన్ల పైన రాసే వివరణలని) కూడా చూసి, ఫలానా పారామీటర్ గురించి రాయలేదని వార్నింగ్ ఇస్తుంది. కామెంట్‌లో పాత పేరు మిగిలిపోతే అలా దొరుకుతుంది.

తోతాపురి (చిత్తూరు)

లిస్ట్ సంగతి సరే, నాకు ఒళ్లు మండేది టైమౌట్ అనే పేరు చూస్తే. కెర్నెల్‌లో వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్‌కి ఇచ్చే టైమౌట్ జిఫీల్లో (కెర్నెల్ టైమర్ టిక్కుల్లో) ఉండాలి. యూఎస్‌బీ_కంట్రోల్_ఎంఎస్‌జీకి ఇచ్చే టైమౌట్ మిల్లీసెకన్లలో ఉండాలి, అక్కడ సున్నా ఇస్తే ఎప్పటికీ ఆగకుండా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఐ2సీ అడాప్టర్ స్ట్రక్చర్‌లో టైమౌట్ మళ్లీ జిఫీలు. మూడు చోట్లా పేరు ఒకటే, చూస్తే మూడూ మామూలు అంకెలే.

ఇది ఎక్కడ కొడుతుందో చెబుతాను. చిత్తూరు పక్కన పాల శీతలీకరణ కేంద్రాల్లో ట్యాంకు టెంపరేచర్ చూసే బోర్డులు మేము మెయింటెయిన్ చేస్తాం. బోర్డు అమ్మినవాళ్లు ఇచ్చిన డ్రైవర్‌లో రీడ్ ఫంక్షన్ చివరి పారామీటర్ పేరు టైమౌట్ అని ఉంది, అంతకు మించి ఒక్క కామెంట్ లేదు. పిలిచిన చోటల్లా 500 ఇచ్చారు, అర సెకను అనే ఉద్దేశంతో. లోపల ఆ 500 నేరుగా వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్‌కి పోతుంది. టెస్ట్ చేసిన మెషీన్‌లో హెచ్‌జెడ్ (సెకనుకి ఎన్ని జిఫీలు అన్నది) 1000, అంటే ఒక జిఫీ ఒక మిల్లీసెకను, కాబట్టి అక్కడ అర సెకనే. మా బోర్డులో హెచ్‌జెడ్ 100, ఒక జిఫీ పది మిల్లీసెకన్లు, అదే 500 ఇక్కడ ఐదు సెకన్లు. ప్రోబ్ వైరు లూజ్ అయిన ప్రతిసారీ రీడింగ్ థ్రెడ్ ఐదేసి సెకన్లు ఆగిపోయేది, మిగతా ట్యాంకుల రీడింగులు కూడా దాని వెనకే క్యూ కట్టేవి, అలారం ఆలస్యంగా మోగేది. ఎండాకాలంలో పాలు ఎంతసేపు ఆగుతాయో మీకు చెప్పక్కర్లేదు. హార్డ్‌వేర్ మార్చి చూశారు, కేబుళ్లు మార్చి చూశారు. కోడ్‌లో ఆ ఒక్క పేరు టైమౌట్_ఎంఎస్ అని ఉండి ఉంటే, లోపల జిఫీలుగా మార్చకుండా వాడిన లైను చదివిన మొదటి మనిషికే కంట్లో పడేది.

మేము చేసిన మార్పు చిన్నది: పారామీటర్‌ని టైమౌట్_ఎంఎస్ చేసి, లోపల మిల్లీసెకన్లని జిఫీలుగా మార్చే ఎంసెక్స్_టు_జిఫీస్ పెట్టాం. కెర్నెల్‌లోనే మంచి ఉదాహరణ ఉంది, రీడ్_పోల్_టైమౌట్ మ్యాక్రోలో స్లీప్_యూఎస్, టైమౌట్_యూఎస్ అని యూనిట్ పేరులోనే ఉంటుంది. దాన్ని తప్పుగా పిలవాలంటే కళ్లు మూసుకుని పిలవాలి.

స్వర్ణముఖి

తోతాపురి గారూ, ఇది నేను వచ్చే వారం క్లాసులో చెబుతాను, హెచ్‌జెడ్ మారితే ప్రవర్తన మారడం అనేది పిల్లలకి పుస్తకంలో చదివితే ఎక్కదు. ఒక్కటి అడగాలి. మీది పేరు మార్పు మాత్రమే కాదు కదా, అర్థం కూడా మారింది. ముందు జిఫీలు తీసుకునే ఫంక్షన్ ఇప్పుడు మిల్లీసెకన్లు తీసుకుంటోంది. ఇంకెవరైనా సరిగ్గా లెక్కేసి జిఫీలే ఇస్తూ ఉంటే వాళ్లది ఇప్పుడు చెడిపోదా?

తోతాపురి (చిత్తూరు)

మా దగ్గర పిలిచేవాళ్లందరూ ఒకే రిపోలో ఉన్నారు, అన్నీ చూసే మార్చాం. బయటివాళ్లు వాడే ఫంక్షన్ అయితే మీరన్నది నిజమే, అలా చేయకూడదు.

కోనేటికట్ట

మేడం సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. ఈ విషయంలో కెర్నెల్ చరిత్రలో రెండు సంఘటనలు తెలుసుకోవాలి, నేను ఎవరికి ఈ సబ్జెక్ట్ చెప్పినా వీటితోనే మొదలుపెడతాను.

మొదటిది హెచ్‌లిస్ట్, హ్యాష్ టేబుళ్లకి వాడే లిస్టు. 2014కి ముందు హెచ్‌లిస్ట్_యాడ్_బిఫోర్, హెచ్‌లిస్ట్_యాడ్_ఆఫ్టర్ అని రెండు ఫంక్షన్లు పక్కపక్కనే ఉండేవి. రెండింటికీ పారామీటర్ల పేర్లు ఒకటే, ఎన్, నెక్స్ట్. బిఫోర్‌లో ఎన్ అంటే కొత్తగా చేర్చే నోడ్, నెక్స్ట్ అంటే ఆల్రెడీ లిస్టులో ఉన్నది. ఆఫ్టర్‌లో పూర్తిగా తిరగబడి, ఎన్ అంటే ఉన్న నోడ్, నెక్స్ట్ అంటే కొత్తది. ఒకటి చదివి రెండోది వాడినవాళ్లు తప్పు చేయక ఏం చేస్తారు? దాన్ని రెండు అంచెల్లో సరిచేశారు. ముందు పారామీటర్ల పేర్లు ఆర్‌సీయూ వెర్షన్‌లో (లాక్ లేకుండా చదవగలిగే రకంలో) ఉన్నట్టు మార్చారు, అది కేవలం పేరు మార్పు. ఆ తర్వాత వరస కూడా మిగతా లిస్టు ఫంక్షన్లలాగే కొత్త నోడ్ ముందు, చోటు తర్వాత అనేలా మార్చారు. ఇక్కడ గమనించండి, వరస మార్చినప్పుడు ఫంక్షన్ పేరు కూడా హెచ్‌లిస్ట్_యాడ్_బిహైండ్ అని మార్చేశారు. కావాలనే. పాత వరసలో పిలిచే కోడ్ ఎక్కడైనా మిగిలిపోతే అది కంపైల్ కాకూడదు, నిశ్శబ్దంగా తప్పు చేయకూడదు. కెర్నెల్ 3.17లో వచ్చింది.

రెండోది మ్యాక్స్_ఆర్డర్. పేజ్ అలొకేటర్‌ని (మెమరీ పేజీలు పంచే భాగాన్ని) అడగగలిగే అతి పెద్ద ఆర్డర్ అని పేరు చెబుతుంది, ఆర్డర్ ఎన్ అంటే పక్కపక్కనే 2^ఎన్ పేజీలు. కానీ ఏళ్ల తరబడి దాని విలువ ఒకటి ఎక్కువ ఉండేది. మామూలు కాన్ఫిగరేషన్‌లో 11 అని ఉంటే అడగగలిగింది 10 వరకే, అంటే 4 కేబీ పేజీలతో 4 ఎంబీ. దీనివల్ల ఒకటి అటూ ఇటూ అయిన బగ్స్ కెర్నెల్ అంతటా దొరికాయి. 2023లో, 6.4 వెర్షన్‌కి, అర్థాన్ని పేరుకి తగ్గట్టు సరిచేశారు, మ్యాక్స్_ఆర్డర్ అంటే ఇక నిజంగానే గరిష్ఠ ఆర్డర్. మంచి పనే. కానీ పేరు అదే ఉంచి అర్థం మార్చారు కాబట్టి, అప్పటికి మెయిన్‌లైన్‌లోకి (అసలు కెర్నెల్ సోర్సులోకి) రాని కోడ్, పాత అర్థంతో రాసింది, హాయిగా కంపైల్ అయిపోయి తప్పు చేసింది. చివరికి 6.8లో పేరు కూడా మ్యాక్స్_పేజ్_ఆర్డర్ అని మార్చాల్సి వచ్చింది, అర్థం మారిందని అందరి దృష్టికీ రావడానికే.

కాబట్టి నా దృష్టిలో మేడం ప్యాచ్ వేరు, తోతాపురి ప్యాచ్ వేరు. అర్థం అలాగే ఉండి పేరు మాత్రమే తప్పైతే పారామీటర్ పేరు మార్చండి, ఎవరికీ ఏ నష్టం లేదు. అర్థం మారుతుంటే పారామీటర్ పేరు మార్చడం చాలదు, ఎందుకంటే సి లో పిలిచే చోట పారామీటర్ పేరు కనిపించదు. ఫంక్షన్ పేరో టైపో ఏదో ఒకటి మారాలి.

హార్స్లీ_గాలి

కోనేటికట్ట అన్న చెప్పినదానికి ఇంకొక కోణం కలుపుతాను. పేరు మార్చడం కన్నా పారామీటర్‌నే తీసేయడం మేలైన సందర్భాలు ఉంటాయి. యూజర్ ప్రోగ్రాం ఇచ్చిన అడ్రస్‌ని చెక్ చేసే యాక్సెస్_ఓకే గుర్తుందా? మొదటి ఆర్గ్యుమెంట్‌గా వెరిఫై_రీడ్ లేదా వెరిఫై_రైట్ అని ఇచ్చేవాళ్లం. చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది, యూజర్ మెమరీలో రాయడానికి పర్మిషన్ ఉందో లేదో ఇది చూస్తుంది అనిపిస్తుంది. అది ఎప్పుడో 80386 కాలం నాటి సంగతి. ఆ ప్రాసెసర్ కెర్నెల్ మోడ్‌లో ఉన్నప్పుడు రైట్ ప్రొటెక్ట్ బిట్‌ని పట్టించుకునేది కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో విడిగా చూడాల్సి వచ్చేది. తర్వాత ఆ అవసరం పోయింది, పారామీటర్ మిగిలిపోయింది, చూసేదల్లా అడ్రస్ రేంజ్ యూజర్ వైపు ఉందా అనే. 2019 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఆర్గ్యుమెంట్‌ని కెర్నెల్ మొత్తంలో ఒకే కమిట్‌తో తీసేశారు, 5.0లో వచ్చింది. లేని భద్రతని ఉన్నట్టు చూపించే పేరు కన్నా ప్రమాదం ఇంకొకటి లేదు.

ఇంకోటి, నిజం అబద్ధం అని మాత్రమే చెప్పే ఆర్గ్యుమెంట్లు. గెట్_యూజర్_పేజెస్‌కి (యూజర్ మెమరీ పేజీలని పట్టుకునే ఫంక్షన్) ఇదివరకు రైట్, ఫోర్స్ అని రెండు అంకెలు ఇచ్చేవాళ్లు. పిలిచే చోట కనిపించేది 1, 0 మాత్రమే. ఏది ఏమిటో తెలియాలంటే హెడర్ తెరవాలి. 2016లో 4.9కి వాటి బదులు ఫోల్_రైట్, ఫోల్_ఫోర్స్ ఫ్లాగులు పెట్టారు, ఇప్పుడు పిలిచే చోటే చదవొచ్చు, ఫోర్స్ వాడేవాళ్లు ఎవరో గ్రెప్ చేసి పట్టుకోవచ్చు కూడా.

పాకాల_జంక్షన్

దీనికి ఫోలియో కూడా చేర్చండి. స్ట్రక్ట్ పేజ్ పాయింటర్ తీసుకునే ఫంక్షన్‌కి పారామీటర్ పేరు పేజ్ అనే ఉంటుంది, మరి అది ఒంటరి పేజీనా, పెద్ద కాంపౌండ్ పేజీకి (కొన్ని పేజీలు కలిపిన గుంపుకి) హెడ్డా, మధ్యలోని టెయిల్ పేజీనా అన్నది పేరు చెప్పదు. 5.16 నుంచి స్ట్రక్ట్ ఫోలియో వచ్చాక టెయిల్ పేజీ కానే కాదని టైపే హామీ ఇస్తుంది. పేరుతో ఎంత జాగ్రత్తగా చెప్పినా కంపైలర్ చూడదు, టైపుతో చెబితే చూస్తుంది. వీలైన చోట టైపే వాడాలి.

తోతాపురి (చిత్తూరు)

వీలైన చోట అన్నారు చూడండి, అన్నిచోట్లా వీలు కాదు. ఎండ్ అనే పేరు తీసుకోండి. స్ట్రక్ట్ రిసోర్స్‌లో (డివైస్ లాంటివి వాడే అడ్రస్ రేంజ్) ఎండ్ అంటే చివరి బైటు, అది కూడా కలిపి. అందుకే రిసోర్స్_సైజ్‌లో ఎండ్ నుంచి స్టార్ట్ తీసేసి ఒకటి కలుపుతారు. వీఎంఏలో (ప్రాసెస్ మెమరీలో ఒక రేంజ్) వీఎం_ఎండ్ అంటే చివరి బైటు తర్వాతి బైటు, అది కలవదు. రెండూ అన్‌సైన్డ్ అంకెలే, టైపు ఏం సాయం చేస్తుంది? నమ్మకపోతే మీ లాప్‌టాప్‌లోనే చూడండి, /ప్రోక్/ఐఓమెమ్‌లో రేంజులు ఎఫ్‌లతో ముగుస్తాయి (సూడోతో చూడండి, లేకపోతే అన్నీ సున్నాలే కనిపిస్తాయి), ఏదైనా ప్రాసెస్ మ్యాప్స్ ఫైల్లో సున్నాలతో ముగుస్తాయి. ఒకటి కలపడం మర్చిపోయిన చోట్లు వెతకడానికి కెర్నెల్ సోర్సులోనే ఒక కాక్సినెల్ (సి కోడ్‌లో ప్యాటర్న్‌లు వెతికే టూల్) స్క్రిప్ట్ పెట్టారంటే ఎంతమంది పడ్డారో చూడండి. ఫైల్ సిస్టమ్ వైపు ట్రంకేట్ ఫంక్షన్‌లో ఎల్ఎండ్ అని ఉంటుంది, అదీ కలిపే. కొత్తగా రాసేవాళ్లు లాస్ట్ అని పెడితే కలిపి అని అర్థమవుతుంది, లేకపోతే స్టార్ట్, లెన్ అని ఇవ్వండి, గొడవే ఉండదు.

హార్స్లీ_గాలి

లెన్ ఇస్తే గొడవ లేదా అన్నా? అది బైట్లా, ఎలిమెంట్లా? 16 బిట్ రిజిస్టర్లు చదివే డ్రైవర్లలో హెడర్‌లో లెన్, లోపల కౌంట్ అని ఉండి, బఫర్‌కి రెండింతలు రాసిన కోడ్ చూశాను. ఎన్ఆర్_వర్డ్స్ అనో లెన్_బైట్స్ అనో రాస్తే పోయేదేమీ లేదు.

తోతాపురి (చిత్తూరు)

ఒప్పుకుంటున్నా. యూనిట్ పేరులో ఉండాల్సిందే.

నగరి_నేత

అందరూ పేరు మారిస్తే బైనరీలో ఏమీ మారదంటున్నారు. అయితే ఎక్కడా ఏమీ విరగదా?

కోనేటికట్ట

మంచి ప్రశ్న. ఇదివరకు విరిగేది కాదు, ఇప్పుడు రెండు మూడు చోట్ల చూసుకోవాలి. బీపీఎఫ్‌ట్రేస్‌లో (నడుస్తున్న కెర్నెల్‌ని గమనించే టూల్) ఎఫ్ఎంట్రీ ప్రోబ్, అంటే ఫంక్షన్ మొదలవగానే నడిచేది, రాసేటప్పుడు ఆర్గ్యుమెంట్లని పేరుతోనే పిలుస్తాం, వీఎఫ్ఎస్_రీడ్ మీద పెడితే ఆర్గ్స్.ఫైల్ అని. ఆ పేరు కెర్నెల్ బీటీఎఫ్ డేటా (టైపుల సమాచారం) నుంచి వస్తుంది, అంటే సోర్సులోని పారామీటర్ పేరే. అది మారిస్తే ఎవరో రాసుకున్న స్క్రిప్ట్ ఆగిపోతుంది. అది ఏబీఐ (మారకుండా ఉంచాల్సిన ఇంటర్‌ఫేస్) అని ఎవరూ మాట ఇవ్వలేదు కానీ తెలిసి ఉండాలి. లిస్ట్_మూవ్ ఇన్‌లైన్ ఫంక్షన్ (పిలిచిన చోటే కలిసిపోయేది) కాబట్టి ఆ బాధ దానికి లేదు.

బీపీఎఫ్ కేఫంక్షన్లలో (బీపీఎఫ్ ప్రోగ్రాంలు పిలవగలిగే కెర్నెల్ ఫంక్షన్లలో) అయితే ఇంకా గట్టిగా ఉంటుంది. పారామీటర్ పేరు చివర __ఎస్‌జెడ్ అని ఉంటే, ముందున్న మెమరీ పాయింటర్‌కి ఇది సైజు అని వెరిఫయర్ (ఆ ప్రోగ్రాం సురక్షితమో కాదో చూసే భాగం) అర్థం చేసుకుంటుంది. అక్కడ పేరు అందంగా లేదని ఆ చివరి ముక్క కత్తిరిస్తే ప్రోగ్రాం చెక్ చేసే పద్ధతే మారిపోతుంది.

మాడ్యూల్ పారామీటర్లు పూర్తిగా వేరే లెక్క. వాటి పేరు /సిస్/మాడ్యూల్ కింద కనిపిస్తుంది, జనం మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో రాసుకుని ఉంటారు. అది ఎంత తప్పుగా ఉన్నా మార్చకూడదు. లోపలి వేరియబుల్ పేరు బాగు చేయాలంటే మాడ్యూల్_పారమ్_నేమ్డ్ ఉంది, బయటికి పాత పేరే చూపించి లోపల మనకి కావాల్సిన పేరు పెట్టుకోవచ్చు.

పాకాల_జంక్షన్

ఇక మేడం ప్యాచ్ పంపేటట్టయితే, బైనరీ మారలేదని మీరే రుజువు చూపించండి, రివ్యూ చేసేవాళ్లకి అది చాలా సాయం. సోర్సులో స్క్రిప్ట్స్/ఆబ్జ్‌డిఫ్ ఉంది, ముందు కమిట్, తర్వాత కమిట్ రికార్డ్ చేసి డిస్‌అసెంబ్లీ పోల్చి చూపిస్తుంది. లైన్ల సంఖ్య మారకుండా చూసుకోండి, ఎందుకంటే వార్న్, బగ్ మ్యాక్రోలు లైన్ నంబర్‌ని ఆబ్జెక్ట్‌లోకి పెడతాయి, ఒక లైన్ జరిగినా తేడా కనిపిస్తుంది. డీబగ్ ఇన్ఫోలో పారామీటర్ పేర్లు ఉంటాయి కాబట్టి అది ఆపేసి పోల్చండి.

స్టేబుల్ (పాత వెర్షన్లకి ఫిక్స్‌లు పంపే) మెయిలింగ్ లిస్టుకి కాపీ పెట్టకండి, ఇలాంటివి అక్కడ తీసుకోరు. కామెంట్, కోడ్ రెండూ ఒకే ప్యాచ్‌లో మారాలి. గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ ఎవరి పేర్లు ఇస్తే వాళ్లకే పంపండి, మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉండాలి. మర్జ్ విండో (తర్వాతి వెర్షన్‌కి మార్పులు కలుపుకునే సమయం) నడిచే రెండు వారాలు ఆగితే మంచిది, అప్పుడు ఎవరికీ చూసే తీరిక ఉండదు.

స్వర్ణముఖి

చాలా థాంక్స్ అందరికీ. ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. నేను ఇలా అనుకుంటున్నాను. లిస్ట్_మూవ్, లిస్ట్_మూవ్_టెయిల్, లిస్ట్_ఈజ్_లాస్ట్ వరకే పెట్టుకుంటాను, ఎంట్రీ అనే పేరు లిస్ట్_డెల్‌లో ఇప్పటికే ఉంది కాబట్టి కొత్తగా ఏదీ కనిపెట్టినట్టు కాదు. స్ప్లైస్ ఫంక్షన్లు ముట్టుకోను, అక్కడ పేరు సరిగ్గానే ఉంది. కమిట్ మెసేజ్ ఇలా రాయాలనుకుంటున్నా, చూసి చెప్పండి:

"లిస్ట్_మూవ్‌లో మొదటి పారామీటర్ ఒక ఎంట్రీ, కానీ దాని పేరు లిస్ట్. ఇదే ఫైల్లో లిస్ట్_స్ప్లైస్‌లో అదే పేరు మొత్తం లిస్టుని సూచిస్తుంది. రెండింటి టైపూ ఒకటే కాబట్టి లిస్ట్ హెడ్‌ని లిస్ట్_మూవ్‌కి ఇస్తే కంపైలర్ గానీ లిస్ట్ డీబగ్ గానీ పట్టుకోవు. పేరును ఎంట్రీగా మార్చండి. ఆబ్జెక్ట్ కోడ్‌లో మార్పు లేదు."

కోనేటికట్ట

బాగుంది మేడం. ఒక్క మార్పు. ల్యాబ్‌లో పిల్లలు రాసిన తప్పు పిలుపు, దాని వల్ల వచ్చిన ఊప్స్ (కెర్నెల్ క్రాష్) ట్రేస్‌లో రెండు మూడు లైన్లు కూడా పెట్టండి. పేరు మార్పు ఎందుకు అని అడిగేవాళ్లకి అంతకన్నా గట్టి జవాబు ఉండదు.

తోతాపురి (చిత్తూరు)

పంపే ముందు ఆబ్జ్‌డిఫ్ ఒకసారి నేను కూడా ఆర్మ్ బిల్డ్ మీద నడిపి చూస్తాను, ప్యాచ్ ఇక్కడ పెట్టండి. ఆదివారం తిరుపతి వస్తున్నా, బాలాజీ కాలనీ వైపు ఎవరైనా ఉంటే కూర్చుని మెయిల్ సెటప్ కూడా చేసేద్దాం, గిట్ సెండ్-ఈమెయిల్ మొదటిసారి కాస్త సతాయిస్తుంది.

నగరి_నేత

నేనూ వస్తా అన్నా. మా ల్యాబ్ మెషీన్లలో క్లాంగ్-టైడీ పెట్టి ఒక డ్రైవర్ ఫోల్డర్ మీద ఈ రాత్రికే నడుపుతున్నా, హెడర్‌కీ కోడ్‌కీ పేర్లు కలవని చోట్లు ఏమొస్తాయో ఇక్కడే పెడతాను, ఏవి నిజంగా తప్పుదారి పట్టించేవో మీరు చూసి చెప్పండి.